పెన్షను పుచ్చుకున్నాక మూసీకి కట్ట వేసిన మహనీయుడు – సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య



పదవీ విరమణ రోజున మెడలో దండ వేసి, శాలువా కప్పి, ఒక గోడ గడియారం చేతిలో పెట్టి పంపించిన తరువాత మనలో చాలామందికి కలిగే భావం ఒక్కటే. ఇక మనతో ఎవరికీ పని లేదు, మనకూ చేయవలసిన పని లేదు. ఈ ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని మన సంఘం వారు కోరినప్పుడు నాకు వెంటనే గుర్తుకు వచ్చిన వారు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. ఎందుకంటే ఆయన కీర్తికి కారణమైన పనుల్లో పెద్దవన్నీ పెన్షను పుచ్చుకున్న తరువాత చేసినవే. ఆ పనుల్లో మొట్టమొదటిది మన అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ నదికి సంబంధించినది.

అందువల్ల ఆయన జీవితం మన వికారాబాదు, తాండూరు వారికి పరాయి కథ కాదు. అనంతగిరి మీద కురిసిన వానలో తూర్పు వాలున పడినది మూసీగా మారి హైదరాబాదు వైపు పోతుంది. పడమటి వాలున పడినది కాగ్నా నదిగా తాండూరు మీదుగా పోయి భీమా నదిలో కలుస్తుంది. మూసీ నల్లగొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, భీమా రాయచూరు ప్రాంతంలో కృష్ణలో కలుస్తుంది. ఒకే కొండ మీద విడిపోయిన నీళ్ళు మళ్ళీ కృష్ణమ్మ ఒడిలోనే చేరుతున్నాయి. మన పెద్దలు మూసీని ముచుకుంద నది అన్నారు. ముచుకుందుడు శ్రీకృష్ణుని పాదాలు కడిగిన నీరే నది అయిందని అనంతగిరి పద్మనాభస్వామి క్షేత్రంలో నేటికీ చెప్పుకుంటారు.

బాల్యము, విద్య

విశ్వేశ్వరయ్య గారు 1860 సెప్టెంబరు 15వ తేదీన మైసూరు రాజ్యంలోని చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దెనహళ్ళి గ్రామంలో జన్మించారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు, తల్లి వెంకటలక్ష్మమ్మ గారు. వారిది తెలుగు కుటుంబం. వారి పూర్వులు గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్ళినవారు. ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచింది. తండ్రి సంస్కృత పండితులు, ధనవంతులు కారు. ఆయన చిన్నతనంలోనే కాలం చేయడంతో కుటుంబం కష్టాల్లో పడింది.

మేనమామ అండతో బెంగుళూరు చేరిన ఆ బాలుడు పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో చదివి 1881లో బి.ఏ. పట్టా పుచ్చుకున్నారు. మైసూరు ప్రభుత్వం వారి విద్యార్థి వేతనంతో పూనా సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో ప్రథమ స్థానంలో ఉత్తీర్ణులైనారు. ప్రథములకు ఉద్యోగం తప్పక దొరికే రోజులవి. 1884లో బొంబాయి ప్రభుత్వ ప్రజా పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా నాసిక్‌లో చేరారు.

సర్కారు కొలువులో 24 ఏళ్ళు

ఆయన సర్వీసు రిజిస్టరు మన వంటి గుమస్తాలకు చదువదగ్గది. ఎక్కడ కష్టమైన పని ఉంటే అక్కడికి బదిలీ. సింధు రాష్ట్రంలోని సక్కరు పట్టణానికి మంచినీళ్ళు ఇవ్వడానికి 1894లో వెళ్ళారు. సింధు నది నీరు బురదతో నిండి ఉండేది. వడపోత తొట్లు కట్టడానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. అప్పుడాయన నది గర్భంలోని ఇసుకలోనే బావి తవ్వించి, ఇసుక వడగట్టిన నీటిని పైకి తోడించారు. నది చేయగలిగిన పనిని నదితోనే చేయించడం ఆయన పద్ధతి. ఈ సంగతి మూసీ దగ్గర మళ్ళీ కనపడుతుంది.

పూనా దగ్గర ఖడక్‌వాస్లా చెరువుకు వరద వచ్చినప్పుడు నీరు అలుగు మీదుగా వృథాగా పోయేది. కట్ట ఎత్తు పెంచకుండానే నీటిమట్టం పెంచడానికి, నీరు హద్దు దాటగానే తమంతట తామే తెరుచుకుని, తగ్గగానే మూసుకునే తలుపులను రూపొందించారు. 1903లో అవి అక్కడ అమర్చబడ్డాయి. దక్కనులో కాలువ నీటిని రైతులకు వంతుల ప్రకారం పంచే బ్లాకు పద్ధతి కూడా ఆయనదే. 1906లో అరేబియా తీరాన ఉన్న ఏడెను పట్టణానికి నీటి సరఫరా, మురుగు కాలువల పథకం తయారు చేసి ఇచ్చారు.

ఇంత చేసినా ఆయనకు ఒక సంగతి స్పష్టమైంది. పద్దెనిమిది మంది సీనియర్లను దాటి పదోన్నతి వచ్చింది కాని, చీఫ్ ఇంజనీరు కుర్చీ మాత్రం ఆ రోజుల్లో భారతీయునికి దక్కదు. మన బోటివారైతే మెమొరాండాలు పెట్టుకుంటూ కూర్చునేవారమేమో. ఆయన 1908లో స్వచ్ఛందంగా విరమణ కోరారు. పూర్తి పెన్షనుకు కావలసిన సర్వీసు నిండకపోయినా, చేసిన సేవలను గుర్తించి బొంబాయి ప్రభుత్వం పెన్షను మంజూరు చేసింది. అప్పటికి ఆయన వయస్సు 48 ఏళ్ళు. విదేశాల్లో పట్టణాలు ఎలా కడుతున్నారో స్వంత ఖర్చుతో చూసి రావడానికి ఓడ ఎక్కారు.

1908 సెప్టెంబరు 28

ఆ సంవత్సరమే హైదరాబాదు మీద ప్రళయం విరుచుకు పడింది. సెప్టెంబరు 26 నుండి మూసీ పరీవాహక ప్రాంతమంతటా కుండపోత. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. 28వ తేదీన నది నగరం మీద పడింది. అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది. అక్కడి ఆస్పత్రి మునిగింది. సుమారు 15 వేల మంది ప్రాణాలు కోల్పోయారని, 19 వేల ఇళ్ళు నేలమట్టమైనాయని, 80 వేల మంది నిలువ నీడ లేనివారైనారని లెక్కలు చెబుతున్నాయి. ఆస్పత్రి ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఆనాటి గుర్తుగా నిలిచింది.

ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ గారు తమ మహళ్ళ తలుపులు తెరిపించి నిరాశ్రయులకు ఆశ్రయమిచ్చారు. శాంతించమని మూసీ తల్లికి చీర, పసుపు కుంకుమ సమర్పించి మొక్కారని నగరంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మతం అడ్డు రాని మొక్కు అది. అయితే మొక్కుతోనే ఆగిపోకుండా, మళ్ళీ ఇట్టి ఉపద్రవం రాకుండా ఏమి చేయాలో చెప్పగల ఇంజనీరు కోసం వెతికించారు. విదేశ పర్యటనలో ఉన్న విశ్వేశ్వరయ్య గారికి కబురు వెళ్ళింది. పర్యటన పూర్తి చేసుకుని 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాదు చేరుకున్నారు.

ముందు లెక్క, తరువాత పథకం

వచ్చిన వెంటనే నగరంలో గోడలు కట్టించే పని మొదలు పెట్టలేదు. నది ఎక్కడ పుట్టింది, ఏ ఊళ్ళ మీదుగా వచ్చింది, దారిలో ఎన్ని వాగులు కలిశాయి అన్నది మొదట చూశారు. సంస్థానంలో వర్షపాతం లెక్కలు తక్కువగా ఉండటంతో ఇరుగు పొరుగు రాష్ట్రాల లెక్కలు కూడా తెప్పించారు. నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతం సుమారు 860 చదరపు మైళ్ళని, అందులో 788 చెరువులున్నాయని తేలింది. అంటే ఇంచుమించు చదరపు మైలుకు ఒక చెరువు. ఆ వరదలో వాటిలో 221 చెరువులు తెగిపోయాయి. ఎగువ చెరువు తెగితే దాని నీరు దిగువ చెరువు మీద పడి దానినీ తెంచుతుంది. గొలుసుకట్టు చెరువుల స్వభావమే అంత. నిండితే ఒకదాని అలుగు నీరు ఇంకొకదానికి అన్నం పెడుతుంది, తెగితే అన్నీ కలిసి ఊళ్ళను ముంచుతాయి. నగరం దగ్గర వరద ప్రవాహం సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగులని అంచనా వేశారు.

ఈ లెక్కల మీద ఆధారపడి 1909 అక్టోబరు 1వ తేదీన నివేదిక సమర్పించారు. అందులోని సారం సామాన్యునికి కూడా అర్థమయ్యేదే. నది నగరంలోకి వచ్చిన తరువాత దానితో పోట్లాడి లాభం లేదు. నగరానికి కొన్ని మైళ్ళ ఎగువనే మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి పెద్ద జలాశయాలు కట్టి, వరదను అక్కడ పట్టి నిలిపి, మెల్లమెల్లగా వదలాలి. జలాశయంలో వరద కోసం ఖాళీ చోటు ఎప్పుడూ ఉంచాలి.

రెండవ భాగం నగరానికి సంబంధించినది. నది ఒడ్డులను ఎత్తు చేసి, రాతి గోడలు కట్టి, ఆ వెంట తోటలు, విశాలమైన బాటలు వేయాలని, మురుగు నీరు నదిలో పడకుండా భూగర్భ కాలువలు కట్టాలని, ఇరుకు బస్తీలను బాగు చేయాలని సూచించారు. ఈ రోజుల్లో నదీ తీరాభివృద్ధి, హరిత మార్గాలు అని పెద్ద పెద్ద పేర్లతో చెబుతున్న ఆలోచన ఆనాటి ఫైలులోనే ఉన్నది. నది ప్రమాదం కాకుండా ఉండటం ఒక్కటే కాదు, నది ఊరికి అందం, ఆరోగ్యం కూడా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం.

కట్టినవారు ఎందరో

నివేదిక ఇచ్చిన నెలన్నరకే, 1909 నవంబరులో, ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా వెళ్ళిపోయారు. కాబట్టి జలాశయాలు కట్టిన ఘనత అంతా ఆయనకే ఇవ్వడం న్యాయం కాదు. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి కాలంలో 1913లో మొదలై 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగరు, దానినే మనం గండిపేట అంటాము, 1927లో పూర్తయిన హిమాయత్ సాగరు అనేకమంది ఇంజనీర్ల, వేలాది కూలీల కష్టఫలం. మన హైదరాబాదు గడ్డ మీద పుట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహాదూరు గారు ఆ కాలంలో చీఫ్ ఇంజనీరుగా ఈ పనులను నడిపించి, తరువాత నిజాం సాగరును కూడా కట్టించారు. తెలంగాణలో ఆయన జన్మదినమైన జూలై 11ను ఇంజనీర్ల దినంగా జరుపుతున్నారు. ఇద్దరినీ స్మరించుకోవడమే మర్యాద. ఒకరు దారి చూపారు, ఇంకొకరు నడిపించారు.

వరదను ఆపడానికి కట్టిన గండిపేట నీరు పంపులు లేకుండా పల్లానికి తానే ప్రవహించి ఆసిఫ్‌నగరు వడపోత కేంద్రానికి చేరి నగరం దాహం తీర్చింది. గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచి పోడన్న నానుడి అలా పుట్టిందే. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ నది ఒడ్డున తోటలు వేయించి, బాటలు తీర్చింది. ఆ ఒడ్డుల మీదనే హైకోర్టు, సిటీ కాలేజీ, ఉస్మానియా ఆస్పత్రి, తరువాత ఆసఫియా గ్రంథాలయం వెలిశాయి. నది, తోట, రాతి గోడ, గుమ్మటం ఒకే వరుసలో కనపడే ఆ దృశ్యాన్ని మనలో హైదరాబాదు ఆఫీసులకు టపా మోసుకుపోయిన ప్రతివారూ చూసి ఉంటారు. ప్రకృతిని, కట్టడాలను ఒకదానికొకటి తోడుగా నిలబెట్టిన ఉదాహరణ మన రాష్ట్రంలో దానికంటే మంచిది నాకు తోచదు. అయితే అందుకోసం కూల్చిన ఇరుకు బస్తీలలోని బీదలకు ఇళ్ళు కట్టి ఇవ్వడం కూడా ఆ సంస్థ పనిగా పెట్టుకున్నదని మరువరాదు.

మైసూరు దివాను

మైసూరులో 1911లో కావేరి మీద కృష్ణరాజ సాగరం పని మొదలైంది. 1912లో మహారాజా కృష్ణరాజ ఒడయరు గారు ఆయనను దివానుగా నియమించారు. ఆ పదవి స్వీకరించే ముందు బంధువులందరినీ భోజనానికి పిలిచి, ఎవరూ ఉద్యోగాల కోసం, సిఫారసుల కోసం తన వద్దకు రాకూడదని మాట తీసుకున్న తరువాతనే ఒప్పుకున్నారు. ఆరేళ్ళలో మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం, కన్నడ సాహిత్య పరిషత్తు, పట్టు, గంధపు నూనె పరిశ్రమలు ఆయన హయాంలో వెలిశాయి. 1915లో సర్ బిరుదు వచ్చింది.

1918లో దివాను పదవి వదిలివేశారు. వెనుకబడిన కులాలకు ఉద్యోగాల్లో వాటా కల్పించే విషయంలో మహారాజా వారి అభిప్రాయం ఒకటి, ఆయన అభిప్రాయం ఇంకొకటి. ఈ విషయంలో విశ్వేశ్వరయ్య గారితో ఈనాడు చాలామంది ఏకీభవించరు. చరిత్ర కూడా మహారాజా వారి పక్షానే నిలిచిందని చెప్పవచ్చు. మహనీయుల జీవితం రాసేటప్పుడు ఇటువంటివి దాచకూడదని నా నమ్మకం. అయితే అభిప్రాయం కుదరనప్పుడు కుర్చీ పట్టుకుని వేలాడకుండా లేచి వెళ్ళిపోయిన తీరు మాత్రం గౌరవించదగ్గది. రాజీనామా ఇవ్వడానికి సర్కారు కారులో వెళ్ళి, ఇచ్చిన తరువాత స్వంత కారులో తిరిగి వచ్చారని చెబుతారు. సర్కారు పనికి సర్కారు కాగితం, కలం, స్వంత ఉత్తరానికి స్వంత కాగితం, కలం వాడేవారన్నది మన ఆఫీసుల్లో తరతరాలుగా చెప్పుకున్న మాటే. మనలో ఎందరం దాన్ని పాటించామో మన మనస్సాక్షికే తెలుసు.

ఆ తరువాత కూడా ఆయన ఖాళీగా లేరు. 1923 నుండి భద్రావతి ఇనుము కర్మాగారాన్ని నష్టాల్లోంచి పైకి తెచ్చారు. 1934లో దేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక వ్యవస్థ కావాలని గ్రంథం రాశారు. హైదరాబాదు వారు నగరాభివృద్ధి, మురుగు కాలువల విషయంలో తరువాతి సంవత్సరాల్లోనూ ఆయన సలహాను కోరారు. 1951లో తన ఉద్యోగ జీవితం గురించి స్మృతులు ప్రకటించారు. 1955లో భారతరత్న లభించింది. బిరుదు ఇచ్చినందుకు ప్రభుత్వాన్ని పొగుడుతానని అనుకోవద్దని ముందే తెలియజేసి మరీ స్వీకరించారని ప్రతీతి. 1960లో ఆయన నూరేళ్ళ పండుగకు తపాలా బిళ్ళ వెలువడింది. బ్రతికి ఉండగానే తన బిళ్ళను తాను చూసుకున్న అదృష్టవంతులాయన. 1962 ఏప్రిల్ 14న బెంగుళూరులో పరమపదించారు. పెన్షనరుగా ఆయన జీవించినది 54 సంవత్సరాలు. ఇది మన సంఘంలో ఎవరూ కొట్టలేని రికార్డు!

మన కొండ, మన దారి

ఇక ఈ జీవితంతో మనకు నేడున్న పని చెప్పి ముగిస్తాను.

గండిపేట, హిమాయత్ సాగరుల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాలను కట్టడి చేస్తూ 1996 మార్చి 8న ప్రభుత్వం జి.ఓ. 111 ఇచ్చింది. 84 గ్రామాలు దాని కిందికి వచ్చాయి. ఆ ఊళ్ళ రైతులు తమ భూములకు ధర రావడం లేదని ఏళ్ళ తరబడి బాధపడ్డారు, అదీ నిజమే. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షలను తొలగిస్తూ ఉత్తర్వు వచ్చింది. 2025 సెప్టెంబరు 26, 27 తేదీల్లో ఎగువన వానలు పడి, జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు మూసీ నీరు మహాత్మా గాంధీ బస్ స్టేషనులోకి వచ్చింది. మన తాండూరు బస్సు ఎక్కే చోటు అది. 1908 వరద వచ్చిన తేదీలకు ఇంచుమించు అవే తేదీలు. ప్రాణనష్టం ఆనాటి వంటిది కాలేదంటే ఆ రెండు కట్టల పుణ్యమే. నదికి జ్ఞాపకం ఉంటుంది, మనకే ఉండదు.

మూసీ మాట ఇట్లుండగా, మన దారి మాట ఉన్నది. హైదరాబాదు నుండి బీజాపూరు పోయే 163వ నంబరు జాతీయ రహదారిలో పోలీసు అకాడమీ చౌరస్తా నుండి మన్నెగూడ వరకు 46 కిలోమీటర్ల పొడుగునా నిజాం కాలపు మర్రిచెట్లు వందల సంఖ్యలో ఉన్నాయి. మన తరం వారు ఆ చెట్ల గొడుగు కిందనే నౌకరీకి పోయి వచ్చారు. రోడ్డు వెడల్పు చేయాలన్నప్పుడు ఆ చెట్లను కాపాడాలని కొందరు హరిత ట్రిబ్యునలుకు వెళ్ళారు. పని ఏళ్ళ తరబడి ఆగింది. 2025 నవంబరు 3వ తేదీ ఉదయం తాండూరు నుండి నగరానికి పోతున్న ఆర్టీసీ బస్సును చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పరు ఢీకొని 19 మంది ప్రాణాలు పోయాయి. ఆ రోజు తాండూరులో పొయ్యి వెలగని ఇళ్ళెన్నో. మన సంఘం సమావేశంలో కూడా ఆ వారం రెండు పక్షాలుగా మాటలు నడిచాయి. చెట్టు ముఖ్యమా, మనిషి ముఖ్యమా అని గట్టిగా అడిగినవారున్నారు. వారి కోపాన్ని నేను తప్పు పట్టలేను. ఆ దారిన పోయినవారు మన పిల్లలే.

కాని నా సర్వీసు నాటి ఒక సంగతి నన్ను పట్టి పీడిస్తూ ఉంది. ఒకసారి రోడ్డు పని కోసం కొట్టవలసిన చెట్ల జాబితా రాయడం నా వంతు వచ్చింది. చెట్టు పేరు, చుట్టుకొలత, కలప విలువ అని గడులున్న పట్టీ అది. మర్రికి కలప విలువ లేదు కాబట్టి వంటచెరుకు ధర వేశాను. ఊరివాళ్ళు పసుపు పూసి మొక్కుకున్న చెట్టుకైనా అదే ధర. నీడకు గాని, పిట్టలకు గాని, మొక్కుకు గాని అందులో గడి లేదు. గడి లేని దాన్ని గుమస్తా ఎక్కడ రాస్తాడు? మొత్తం కూడి సంతకానికి పెట్టాను. లెక్క ఒక్క పైసా తప్పలేదు. అసలు సంగతి మాత్రం ఆ లెక్కలో లేదు.

విశ్వేశ్వరయ్య గారి గొప్పతనం నాకు అప్పుడు తెలియలేదు, ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాక తెలిసింది. ఆయన పట్టీలో గడులు ఎక్కువ. 860 చదరపు మైళ్ళు చూశారు, 788 చెరువులు లెక్క పెట్టారు, ఆ తరువాతనే గోడ సంగతి, తోట సంగతి చెప్పారు. వరద, దాహం, మురుగు, నీడ, అందం అన్నీ ఒకే లెక్కలో వేశారు. ఆయన ఇప్పుడుంటే మర్రిచెట్ల విషయంలో ఏమి చెప్పేవారో ఊహించి ఆయన పేరు మీద రాయడం తగదు. కాని రోడ్డుకు మలుపు ఎక్కడ ఇవ్వాలి, చెట్ల వరుసను రెండు దారుల నడుమ ఎక్కడ ఉంచవచ్చు, ఎక్కడ తప్పనిసరిగా వేరుచోట నాటాలి అన్న లెక్క మొదటి సంవత్సరంలోనే శ్రద్ధగా వేసి ఉంటే, చెట్టా మనిషా అని తేల్చుకోవలసిన దుస్థితి వచ్చేది కాదు. 2025 చివరలో అడ్డంకి తొలగి, ఎక్కువ చెట్లను నిలిపే ఏర్పాటుతో పని ముందుకు సాగింది. ఆలస్యానికి మూల్యం మాత్రం చెట్లు చెల్లించలేదు, బస్సులోని వారు చెల్లించారు.

ఇటువంటి లెక్కలు మన జిల్లాకు ఇంకా రాబోతున్నాయి. 2024 అక్టోబరు 15న పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళ వి.ఎల్.ఎఫ్. సమాచార ప్రసార కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. సుమారు 2,900 ఎకరాల అడవి అది, అందులో రామలింగేశ్వర స్వామి ఆలయం ఉంది, ఆ నీరు మూసీకే పోతుంది. దేశ రక్షణ వద్దనేవారు మనలో ఎవరూ లేరు. గుడికి దారి, వాగుకు దారి, చెట్టుకు చోటు ఆ ప్లానులో ఎంతవరకు మిగులుతాయో అడిగి తెలుసుకునే హక్కు మాత్రం మనకుంది. దిగువన హైదరాబాదులో 55 కిలోమీటర్ల మూసీ ప్రక్షాళన గురించి 2024 నుండి ఎంతో చర్చ జరుగుతున్నది. నది బాగుపడవలసింది ఒడ్డున మాత్రమే కాదు, పుట్టిన చోట కూడా. పుట్టిన చోట ఉన్నవారము మనము.

మనం చేయగలిగినదేమిటని అడుగుతారేమో. రెవెన్యూ, ఇరిగేషను, పంచాయతీ, అటవీ శాఖల్లో పని చేసినవారు మన సంఘంలో ఎందరో ఉన్నారు. సేత్వారు చదవడం, పాత పహాణీ వెతకడం, శిఖం భూమి హద్దు చూపడం మనకు వచ్చినట్లు నేటి కంప్యూటరు పిల్లలకు రాదు. కాబట్టి ప్రతి సభ్యుడూ తన ఊరి చెరువు పేరు, దాని అలుగు నీరు ఏ చెరువుకు పోతుంది, ఆ కాలువ ఇప్పుడు ఉందా పూడిందా, ఊరి పాత చెట్లు, పాత బావులు, గుళ్ళు, దర్గాలు ఎక్కడెక్కడ ఉన్నాయి అన్నవి ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వవలసిందని మనవి. వాటిని ఒక పుస్తకంగా కుట్టి కలెక్టరు గారికి సమర్పించవచ్చు. రేపు ఏ రోడ్డు వచ్చినా, ఏ లేఅవుటు వచ్చినా, ఆ పట్టీలో గడి లేదన్న మాట రాకుండా ఉంటుంది.

నా ఊరి చెరువు కాగితం నేను రాసి, ఈ వ్యాసంతో పాటు జత చేసి ఇస్తున్నాను. విశ్వేశ్వరయ్య గారు పెన్షను వచ్చిన మరుసటి సంవత్సరమే 788 చెరువులు లెక్క పెట్టారు. మనం తలా ఒక్కటి లెక్క పెట్టినా చాలును.